తెరలో తోడికోడలు

సెప్టెంబర్ 16, మంగళవారం

మొదటి రోజు గడిచింది. నేను రెండు పోగులు తెంపడం ఎవరూ గమనించలేదని మనుమరాలు సింధూజ అంటోంది. గమనించే ఉంటారు.

దాని ఉద్యోగం కోసం ఒప్పుకున్నాను కాని, వలసొచ్చిన ఈ బట్టల మిల్లుల ఊళ్లో, ఈ మోకాళ్లతో, మా ఇల్లున్న నవాగామ్ నుంచి ఉధ్నా దాకా రోజూ షేర్ ఆటోలో కుదుపులు తినే వయసా నాది. పాత లూముల కార్ఖానాకు సున్నం కొట్టి గ్యాలరీ అని పేరు పెట్టారు. ఒకప్పుడు సాంచాలు, అంటే మరమగ్గాలు, వరసగా ఆడిన షెడ్డు. చెవులు గింగురుమనేవి. ఇప్పుడు అందులో ఒక బల్ల, ఒక కుర్చీ, గోడంత తెర. జనం వచ్చి ఏం చూస్తారని అడిగాను. "నిన్నే చూస్తరు బాపమ్మా" అంది సింధూజ. నన్ను చూసి ఏం చేసుకుంటారో.

గ్యాలరీ శ్రీప్రియగారిది. డాక్టర్ల ఇంటి పిల్ల, విజయవాడ వైపు మనిషి. ఎప్పుడూ నల్ల బట్టలే. ఆమె చెప్పిందాంట్లో నాకు అర్థమైంది ఇది: బెల్జియం దేశంలో ఘెంట్ అనే ఊళ్లో ఇలాంటిదే ఇంకో గ్యాలరీ ఉంది. అదీ ఒకప్పటి బట్టల మిల్లే. వాళ్ల పడుగు మనకు పంపారు, మన పడుగు వాళ్లకు పంపాం. ఇక్కడ మన పోగు కొసకు వాళ్ల పోగు కొస మెలిపెట్టి నేను అతకాలి. అక్కడ ఒక ఆమె వాళ్ల పోగుకు మన పోగు అతుకుతుంది. ఇద్దరం ఒకరినొకరు తెరలో చూసుకుంటూ చెయ్యాలి. నేనొకటి అతికితే ఆమె ఒకటి. ఒకరు ఆగితే రెండోవాళ్లూ ఆగాలి. ఆఖరికి ఒక్క పోగు మిగలాలి. నవంబర్ ఎనిమిదిన రెండు ఊళ్లలోనూ జనాన్ని పిలిచి, ఇద్దరం ఒకే ఘడియలో ఆ పోగు అతకాలి. అదే ప్రారంభం అట. పని అయిపోయిన రోజున ప్రారంభమేమిటో. ఆ తర్వాత కూడా ఫిబ్రవరి దాకా, ఆది సోమవారాలు తప్ప, మేం రోజూ తెర ముందుకు వచ్చి కూర్చోవాలట.

ఇది సవ్యంగా జరిగితేనే సింధూజను ఉంచుకుంటారు. అంతవరకు ట్రయల్. వైపని, అంటే ఇలా పోగులు అతికే పని, బాగా తెలిసిన మనిషి మా ఇంట్లోనే ఉందని నన్ను తీసుకొచ్చింది కూడా అదే. అంటే నా చెయ్యి తప్పితే దాని నోట్లో మన్ను పడుతుంది.

అక్కడామె పేరు మారియెట్. నా ఈడే ఉంటుంది. తెల్ల జుట్టు, మగవాళ్ల చేతుల్లాంటి చేతులు. నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

సెప్టెంబర్ 18

వాళ్లది నార పోగు. గరుకు, మొండి. మెలిపెడితే విడిపోతుంది, గట్టిగా పెడితే తెగుతుంది. మనవైపు పోగేమో వెంట్రుకంత సన్నం. జారుతుంది. పిల్లిని ఎలుకకు ఇచ్చి పెళ్లి చేసినట్టుంది.

వేలికి బూడిద అద్దుకుంటే కాని పట్టు దొరకదు. మా అత్త నాకు అలాగే నేర్పింది, నా కోడలు పద్మారాణికి నేనూ అలాగే నేర్పాను. ఇంటి నుంచి చిన్న డబ్బాలో బూడిద తీసుకుపోయాను. గంట కాకముందే ఘెంట్ గ్యాలరీ పెద్దమనిషి దగ్గర్నుంచి మాట వచ్చింది: బూడిద వద్దు, తెల్ల నార మాసిపోతుంది. శ్రీప్రియగారు సింధూజకు చెప్పింది, సింధూజ నాకు చెప్పింది. నేను సింధూజకు చెప్పింది శ్రీప్రియగారి దాకా పోయిందో లేదో తెలియదు. మధ్యలో ఈ మనుషులందరూ ఎందుకు. చేసేది మేమిద్దరం.

సెప్టెంబర్ 19

బూడిద లేకుండా చేశాను. వేళ్లు కోసుకుపోయాయి.

సెప్టెంబర్ 23

మారియెట్ సిగరెట్ తాగుతుంది. ఈ రోజు నన్నే చూస్తూ వెలిగించి, ఆ బూడిదను బల్ల మీద రాల్చి, అందులో వేలు ముంచి పోగు మెలిపెట్టింది. అతుకు నిలిచింది. వేలు పైకెత్తి నాకు చూపించింది. వెనకాల వాళ్ల పెద్దమనిషి చేతులు ఆడించాడు, ఆమె వినిపించుకోలేదు. సాయంత్రానికి నా డబ్బా నాకు తిరిగి ఇచ్చారు.

నాకు నవ్వు ఆగలేదు. ఇంటికి వచ్చాక మాత్రం మనసు వేరే పోయింది. సిగరెట్లు అన్ని తాగితే ఊపిరితిత్తులు ఏమైపోతాయి? మధ్యమధ్యలో దగ్గుతోంది కూడా. పని చేసేటప్పుడు తెర గొంతు కట్టేస్తారు, దగ్గు వినపడదు, భుజాలు కదలడం కనబడుతుంది.

సెప్టెంబర్ 26

నెట్ లేదు. కూర్చుని వచ్చాను.

సెప్టెంబర్ 27

నెట్ వచ్చింది. మారియెట్ నోరు తెరిచి అలాగే ఆగిపోయింది, చెయ్యి గాలిలో ఉంది. నేను కుర్చీలోంచి లేచి అరిచానట. తెర బిగుసుకుపోయిందే కాని మనిషికి ఏమీ కాలేదని శ్రీప్రియగారు నీళ్లిచ్చి చెప్పింది. 

అక్టోబర్ 4

బతుకమ్మకు సెలవు ఇవ్వలేదు. సద్దుల రోజున పువ్వులన్నీ పద్మారాణే తెచ్చి పేర్చుకుంది. "ఫారిన్ పని మరి, మాలాంటోళ్లతోని ఆడుతవా అత్తమ్మా" అని ఒక పోటు. దసరా కూడా తెర ముందే.

ఘెంట్ నుంచి కొత్త మాట: చాయ్ తాగేటప్పుడు తెర ముందు నుంచి లేచిపొమ్మంటున్నారు, చూసేవాళ్ల ధ్యాస చెదురుతుందట. మారియెట్ మాత్రం ఫ్లాస్కులోంచి కాఫీ పోసుకుని దర్జాగా తాగుతుంది. ఆమెకు చెప్పే దమ్ము వాళ్లకు లేదు. నేనూ రేపటి నుంచి లేవను.

అక్టోబర్ 11

ఆమె కప్పు ఎత్తితే నేనూ ఎత్తుతాను. ఆమె మోకాలు పట్టుకుంటే నేను నా మోకాలు చూపిస్తాను. మాట లేదు. ఇంట్లో ఇంతమంది ఉన్నారు, ఇన్ని మాటలున్నాయి, ఒక్కరూ నా మోకాలు ఎలా ఉందని అడగరు.

అక్టోబర్ 23

దీపావళి సెలవులకు ఊరు సగం ఖాళీ. ఆటోలు లేవు. కొడుకు మహేశ్ కూడా డ్యూటీకి పోయే హజీరా బస్సు కోసం గంట నిలబడ్డాడట.

బెండకాయలు తరుగుతుంటే సింధూజ వచ్చి అడిగింది, ఘెంట్ వాళ్లు ప్రారంభం రోజున మారియెట్‌ను మన పద్ధతిలో గౌరవించాలనుకుంటున్నారు, మనం ఏం చేస్తాం అని. దండ వేస్తాం, దీపం ముట్టిస్తాం అన్నాను. ఫోన్‌లో టకటకా కొట్టేసుకుని వెళ్లిపోయింది. కూర మాడింది.

అక్టోబర్ 28

రోజూ రెండున్నరకు వచ్చే మనిషి రాలేదు. ఖాళీ కుర్చీ. నేను పోగు పట్టుకుని కూర్చున్నాను. మూడయింది. శ్రీప్రియగారు లేదు, సింధూజ ఫోన్ ఎత్తలేదు. ఆ దగ్గు, ఆ సిగరెట్లు, సింధూజ చెప్పిన ఆ ఒంటరి ఇల్లు. స్నానాల గదిలో జారి పడితే ఎవరు చూస్తారు? మూడున్నరకు తాపీగా వచ్చి కోటు విప్పింది.

తర్వాత తెలిసింది, చలికాలం వస్తే ఆ దేశంలో అందరూ కలిసి గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుకుంటారట, ఇక నుంచి ఆమె మన మూడున్నరకే వస్తుందట. తిప్పుకుంటే తిప్పుకున్నారు. ముందే ఒక మాట చెప్పడానికేం? ఎవరికి చెప్పాలన్నా నలుగురి చేతులు మారి రావాలి, ఆ నలుగురిలో ఎవరో ఒకరు మరిచిపోతారు.

అక్టోబర్ 31

అన్ని పోగులూ అయ్యాయి. చివరిది ఒక్కటి అటూ ఇటూ వేలాడుతోంది. మారియెట్ వెళ్లేటప్పుడు చెయ్యి ఊపింది. రోజూ ఊపేదే. ఈ రోజు ఇంకాసేపు ఊపినట్టు అనిపించింది.

అక్కడ పండగ సెలవులట, వారం దాకా గ్యాలరీ మూత. తెర మాత్రం తీసెయ్యరు, ఖాళీ కుర్చీ కూడా ప్రదర్శనలో భాగమే అంటుంది శ్రీప్రియగారు. నేను రానక్కర్లేదు అంది. ఎలా రాకుండా ఉంటాను. ఎలుకలున్నాయి. ఏసీ నీళ్లు కారుతున్నాయి. చూడటానికి వచ్చిన పిల్లలు పోగులు మీటుతున్నారు, తంబూరా అనుకున్నారేమో.

నవంబర్ 4, మంగళవారం

రాయడానికి చెయ్యి రావడం లేదు.

మధ్యాహ్నం తెరలో ఇద్దరు మనుషులు వచ్చారు. మారియెట్ కుర్చీ వెనక గోడకు ఆమె ఫొటో పెద్దది తగిలించారు. నవ్వుతున్న ఫొటో. దానికి బంతిపూల దండ వేశారు. ముందు చిన్న బల్ల వేసి దీపం పెట్టారు. ఒకడు రెండడుగులు వెనక్కి వేసి చూసి, దండ సర్ది, వెళ్లిపోయాడు.

గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. బూడిద డబ్బా మూత పెట్టి పక్కకు జరిపాను.

సింధూజ ముంబైలో ఉంది, ప్రారంభం కోసం ఘెంట్ నుంచి వచ్చిన పెట్టెలు కస్టమ్స్‌లో ఆగితే విడిపించడానికి పోయింది. ఫోన్ చేశాను. మారియెట్ పోయిందా అని నోటితో ఎలా అడగను. అడిగితే నిజమైపోతుంది. మారియెట్ బాగుందా అని మాత్రం అడిగాను.

"మంచిగుంది బాపమ్మా. చెల్లె ఇంటికి పోయింది, శనివారం వస్తది. నువ్వు ఫికర్ పెట్టుకోకు, టైంకు తిని గోలీలు ఏసుకో."

మా తమ్ముడు పరమేశ్వర్ పోయినప్పుడు కూడా నాతో ఇలాగే చెప్పారు. మంచిగున్నాడు, దవాఖానలో ఉన్నాడు, ఆదివారం ఇంటికి వస్తాడు, నువ్వు టైంకు తిను. మూడు రోజులు తిన్నాను, నిద్రపోయాను. బీపీ మనిషి, చెప్తే పడిపోతుందని దాచారు. ఆఖరి చూపు లేకుండా చేశారు.

ఇప్పుడూ అంతే. చెప్తే పని ఆగిపోతుందని దాస్తున్నారు.

నవంబర్ 5

రాత్రంతా ఒకటే లెక్క తేలలేదు. ఎన్నాళ్లు మైల పట్టాలి?

మన కులం కాదు, గోత్రం లేదు. పట్టక్కర్లేదు అనడానికి మనసు ఒప్పదు. పడుగుకు అటు కొస ఆమె పట్టింది, ఇటు కొస నేను పట్టాను. ఆడబిడ్డ వరస అనుకుంటే మూడు రోజులు. కాని ఆడబిడ్డ ఎప్పుడైనా నా పక్కన కూర్చుని పని చేసిందా? ఇద్దరం వేరే వేరే చోట్ల నుంచి వచ్చి, ఎవరిదో ఒక ఇంటి పని పంచుకుని, పైవాళ్ల మాటలు పడి, కళ్లతోనే నవ్వుకున్నాం. అది తోడికోడలి వరస. అంటే పది.

తెల్లవారుజామున తలస్నానం చేశాను. దేవుడి గూటి వైపు పోలేదు. మైలలో పోగు ముట్టకూడదు. ముట్టిన పోగు సాంచా మీద నిలవదు. ఎనిమిదో తారీఖు ఆ పోగు జనం ముందు తెగితే సింధూజ గతి ఏమిటి? నేను ముట్టకపోవడమే దానికి మంచిది.

మోకాలు లేవనివ్వడం లేదని ఇంట్లో చెప్పాను. అబద్ధమేమీ కాదు.

నవంబర్ 6

వాళ్లు దాస్తున్నారు. నేనూ దాస్తున్నాను.

నవంబర్ 7

సింధూజ ముంబై నుంచి వచ్చింది. మొహం వాడిపోయింది, పెట్టెలు ఇంకా రాలేదు. వస్తూనే నా మోకాలికి మందు రాసింది. రేపు కారు పంపిస్తాను, కుర్చీతో సహా మోయించుకుపోతాను, ఒక్క పోగు బాపమ్మా, ఒక్కటి, అని బతిమాలింది. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను.

రేపు మారియెట్ కుర్చీలో ఇంకెవరినో కూర్చోబెడతారు. తెల్ల జుట్టు పెట్టి, అదే కోటు వేయిస్తారు. దూరం నుంచి చూసేవాళ్లకు ఏం తెలుస్తుంది.

పద్మారాణిని తీసుకుపొమ్మన్నాను. అది నాకంటే వేగంగా అతుకుతుంది, ఈ మాట దాని మొహం మీద ఎప్పుడూ అనలేదు. సింధూజ మందు సీసా మూత పెట్టింది. "నువ్వు భయపడుతున్నవా?" అని అడిగింది. అవునన్నాను. అదీ అబద్ధం కాదు.

నవంబర్ 8, శనివారం

పద్మారాణి కొత్త చీర కట్టుకుని అయిదింటికే పోయింది. మహేశ్ డ్యూటీలో ఉన్నాడు. ఇంట్లో నేను. పక్కింటి వాళ్ల టీవీ మోత. ఆరున్నరకు అక్కడ మధ్యాహ్నం రెండు అవుతుంది. ఆరున్నరకు కళ్లు మూసుకుని కూర్చున్నాను, ఒకే ఒక్క పోగు, తెగకుండా చూడు అని ఎవరికి మొక్కాలో తెలియక మారియెట్‌కే మొక్కాను.

తొమ్మిదింటికి పద్మారాణి వచ్చి చెప్పులు విసిరింది.

"నీ దోస్తు నా పరువు తీసింది అత్తమ్మా."

ఎవరు అన్నాను.

"ఇంకెవరు, ఆ ముసల్ది. నీలం కోటు ఏసుకొని, ఎనక తన ఫొటోకే దండ ఏయించుకొని వచ్చి కూసుంది. నన్ను చూసింది. పోగు కింద పెట్టి చేతులు ఒళ్లె పెట్టుకుంది. ఆళ్ల సారు బతిమాలిండు, ఈళ్ల మేడం బతిమాలింది. ముట్టనే ముట్టలే. ఆమె ముట్టకుంటే నేనెట్ల ముట్టాలె? అద్దగంట ఒకరి మొహం ఒకరం చూసుకుంట కూసున్నం, జనమంత లేచిపోయిండ్రు. నీ గురించే అడిగిందట. నువ్వు రాకుంటే అతకదట."

ఎవరు అని మళ్లీ అడిగాను. పద్మారాణి నా నుదురు మీద చెయ్యి పెట్టి చూసింది, జ్వరం ఉందేమోనని.

అదే రోజు

మారియెట్ బతికే ఉంది.

నవంబర్ 9

సంతోషం కలగాలి. కలిగింది కూడా, ఒక నిమిషం. ఆ తర్వాత నుంచి ఒకటే మంట. బతికున్న మనిషి ఫొటోకు దండ వేసింది ఎవరు? దీపం పెట్టింది ఎవరు? ఏం మనుషులు వాళ్లు?

పొద్దున సింధూజకు చెప్పేశాను. దండ, తమ్ముడు, మైల, తోడికోడలు, అంతా. అది వింటూ వింటూ మంచం మీద కూలబడింది.

"మంచిగుంది అని చెప్పిన గద బాపమ్మా. నా మాట ఎందుకు నమ్మలే?"

మీరు మంచిగుంది అన్నప్పుడల్లా ఎవరో ఒకరు పోయారు, ఎలా నమ్మను అన్నాను.

అప్పుడది ఫోన్ తీసి చూపించింది. అక్టోబర్‌లో ఘెంట్ వాళ్లకు పంపిన జవాబు. దండ, దీపం. నేను చెప్పిన మాటే. కాని నేను అన్నది మనిషి మెడలో వెయ్యమని. ఫొటోకు అని అన్నానా? బెండకాయలు తరిగేటప్పుడు అడిగితే అలాగే ఉంటుంది. అది వివరంగా రాసి ఉండాల్సింది. వాళ్లు ఇంకోసారి అడిగి ఉండాల్సింది.

నిన్న రాత్రి శ్రీప్రియగారు దాని దగ్గర గ్యాలరీ తాళాలు తీసేసుకుందట. మళ్లీ పిలిచేదాకా రావద్దు అందట. ఘెంట్ పెద్దమనిషి మండిపోతున్నాడట, మేము పేచీ పెట్టి పని చేసే మనిషిని ఆపేశామని, మారియెట్‌ను అవమానించామని. శ్రీప్రియగారు ఆయన మీద మండిపోతోంది, మీ ఆమే కదా ముట్టనిది అని. ఇన్ని నెలలు మెయిళ్లు రాసుకున్నారు, మీటింగులు పెట్టుకున్నారు. ఒకరి మాట ఒకరికి చేరలేదు. మేము ఏమీ రాసుకోలేదు. నేను రాకపోతే ఆమె ఆగింది.

సింధూజ అన్నం తినలేదు.

నవంబర్ 10

సింధూజ మాట్లాడటం లేదు. మహేశ్ మాట్లాడుతున్నాడు కాని ఆ మాటలు ఇక్కడ రాయను.

పద్మారాణి ఒక్కతే నా పక్కకు వచ్చి కూర్చుంది. కాకి నెత్తి మీద తన్నితే మనూళ్లో ఉత్తుత్తి చావు కబురు పంపుతారు కదా, చుట్టాలు ఏడిస్తే గండం పోతుందని, ఇదీ అట్లనే అనుకో, నీ ఏడుపుతో ఆమె గండం పోయింది అంది. వెక్కిరింతో, ఓదార్పో. దాని దగ్గర రెండూ ఒకే రకంగా ఉంటాయి.

మోకాలి నొప్పి ఇప్పుడు నిజంగానే లేవనివ్వనంత అయింది.

నవంబర్ 11, మంగళవారం

ఎవరికీ చెప్పకుండా పోదామనుకున్నాను. ఆటో కోసం నిలబడితే సింధూజ వెనకాలే వచ్చి ఎక్కింది. దారంతా బయటికే చూసింది.

శ్రీప్రియగారు లోపలికి రమ్మంది కాని కూర్చోమనలేదు. "సారక్కగారూ, మీరు ఒంట్లో బాగోలేదన్నారు. ఇప్పుడేమో చావు అంటున్నారు. నేను వాళ్లకి ఏమని చెప్పుకోవాలి?" అంది. మీరేమీ చెప్పొద్దు, తెర ముందు నేనే చెప్తాను, నా మనుమరాలు తప్పు చెయ్యలేదు, నేను చేశాను అన్నాను. పాపం ఆమె కళ్ల కింద కూడా నలుపు. మూడేళ్లుగా ఈ ఒక్క ప్రదర్శన కోసమే తిరిగిందట.

మారియెట్‌ను పిలిపించారు, తెరకు గొంతు పెట్టారు. వచ్చి కూర్చుంది. వెనకాల ఆ ఫొటో, ఆ దండ అలాగే ఉన్నాయి. నేను దాని వైపు చూడలేదు. తమ్ముడు, దండ, మైల, అన్నీ చెప్పాను. నా తెలుగును సింధూజ ఇంగ్లీషు చేసింది, దాన్ని వాళ్ల పెద్దమనిషి వాళ్ల భాష చేశాడు. ఒక్కో మాట పోయి రావడానికి అంతసేపు పట్టింది. ఫొటోకు దండ వేస్తే మా దగ్గర అర్థం ఏమిటో చెప్పినప్పుడు ఆయన సగంలో ఆగిపోయాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు. వెనక్కి తిరిగి దండ తీసెయ్యబోయాడు.

మారియెట్ ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. ఏమిటి, ముందు చెప్పు అన్నట్టు. చెప్పాడు. ఆమె నవ్వడం మొదలుపెట్టింది. దగ్గు వచ్చేదాకా నవ్వింది. లేచి, ఫొటో మీది దండ తీసి తన మెడలో వేసుకుని, దీపం ఊదేసి, మళ్లీ వచ్చి కూర్చుంది.

శ్రీప్రియగారు కూడా నవ్వింది. సింధూజ నవ్వలేదు, అది భాష మార్చి చెప్పడంలో తలమునకలై ఉంది.

అప్పుడు మారియెట్ ఒక మాట అడిగింది. తన కోసం నేను ఎన్నాళ్లు మైల పట్టాలనుకున్నాను అని. పది రోజులు అన్నాను. అది అటు పోయింది. ఆమె నవ్వు ఆగింది. చాలాసేపు దండలోని ఒక పువ్వును వేలితో తిప్పింది.

"వాళ్ల ఆయన పోయినప్పుడు మిల్లోళ్లు మూడు రోజులే ఇచ్చిండ్రట" అంది సింధూజ నెమ్మదిగా. "నువ్వు పది ఇచ్చినవా అంటుంది."

ఆమె ఇంకేదో అంది. వాళ్ల పెద్దమనిషి చెప్పాడు. సింధూజ చెప్పలేదు.

ఏమంటోంది అన్నాను. ఏం లేదు, థ్యాంక్స్ అంటుంది అంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత జరిగాక కూడా. నువ్వు దాచకు, ఉన్నదున్నట్టు చెప్పు అని శ్రీప్రియగారి ముందే గట్టిగా అన్నాను.

"ఫిబ్రవరిల ఈ తెర తీసేస్తరు గద, తర్వాత నేను నిజంగ పోతే నీకెవ్వరు చెప్తరు అంటుంది బాపమ్మా."

 ఆ మాట నాకు ఎందుకు తట్టలేదు? ఎలుకలు తట్టాయి, ఏసీ నీళ్లు తట్టాయి.

నవంబర్ 12

ప్రారంభం రేపే పెట్టారు. చిన్నగా. ఘెంట్ పెద్దమనిషి తప్పు తనదేనని శ్రీప్రియగారికి రాశాడట, ఫొటో కూడా గోడ మీద నుంచి తీసేశారట. శ్రీప్రియగారు సింధూజకు తాళాలు తిరిగి ఇచ్చింది. ఉద్యోగం సంగతి మాత్రం ఎత్తలేదు. కాగితం చేతికి వచ్చేదాకా నేను నమ్మను.

రాత్రి సింధూజ నా పక్కన పడుకుంది. మాట్లాడలేదు కాని కాలు నా మీద వేసింది, చిన్నప్పటిలా.

నవంబర్ 13, గురువారం

ఆటోలో పోతుంటే ఎవరిదో ఒంటి తుమ్ము. వెనక్కి తిరిగి పోదామా అన్నాను. సింధూజ నా కొంగు పట్టుకుని కూర్చుంది.

జనం తక్కువ. పద్మారాణి కూడా వచ్చి వెనక వరసలో నిలబడింది, చీర అదే. అక్కడ కూడా కొద్దిమందే. మారియెట్ నీలం కోటు వేసుకుంది. సిగరెట్ వెలిగించింది, వెలిగించకు అని నేను చెయ్యి ఊపాను, వినలేదు. బూడిద రాల్చింది. నేను నా డబ్బా మూత తీశాను. పోగు అందుకున్నాను. ఆమె అందుకుంది. ఎవరు ముందో తెలియలేదు. మెలిపెట్టాం. లాగి చూశాం. నిలిచింది. రెండు వైపులా చప్పట్లు కొట్టారు, అటువైపు చప్పట్లు ఒక క్షణం ఆలస్యంగా వినిపించాయి.

శ్రీప్రియగారు అందరి ముందే సింధూజను తన పక్కకు పిలిచి, ఇక ఈమె మా గ్యాలరీ మనిషే అని చెప్పింది. వెళ్లేటప్పుడు ఉద్యోగం కాగితం కవర్లో పెట్టి ఇచ్చింది. నేను ఆటోలో లైటు కింద రెండుసార్లు తిరగేసి చూశాను. సంతకం ఉంది, ముద్ర ఉంది. ఇంగ్లీషు కాబట్టి మహేశ్ వచ్చాక ఇంకోసారి చదివించాలి.

జనం వెళ్లిపోయాక తెర ఇంకా తియ్యలేదు. మారియెట్ బల్ల కింద నుంచి ఒక అట్ట తీసింది. దాని మీద లావుగా అంకెలు రాసి ఉన్నాయి. తన వైపు చూపించుకుంది, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. ఫోన్ నంబరు. ఎవరి మధ్యవర్తిత్వమూ లేకుండా.

అంకెలు నాకు వచ్చు. నేను ఒక్కొక్కటి రాసుకున్నాను, ఇదిగో ఈ పేజీ పైన ఉన్నాయి. చివరి రెండింటికి వచ్చేసరికి అట్ట కొంచెం వంగింది. సరిగా పట్టుకో అని చెయ్యి చూపించేలోపే తెర బిగుసుకుపోయింది. అట్ట, ఆమె బొటనవేలు, ఆ వేలు కింద రెండు అంకెలు. కాసేపటికి తెర మొత్తం నల్లబడింది. నెట్ పోయింది.

సింధూజ అంది, మొత్తం నంబరు ఆఫీసులో ఉంటది బాపమ్మా, ఇప్పుడే చూసి చెప్తా అని.

వద్దన్నాను. రేపు రెండున్నరకు ఆమే వచ్చి చూపించాలి. గడియారం తిప్పిన తర్వాతి లెక్కలో అయితే మూడున్నర.